మూడోరోజు పువ్వు

పొద్దుగాల ఆరున్నరకు క్లాక్ టవర్ కాడ
దస్తగిరి తాత గోనెపట్టా విప్పుతాడు.
అందరూ ఇయ్యాల్టి చామంతి అడుగుతారు,
నేను మొన్నటిది అడుగుతా.

మొదటిసారి నా మొహం చూసి
"ఎవలన్న పోయిన్రా బిడ్డా" అన్నాడు.
"లేదు తాతా, పరీక్ష."
"పూలకా?"
"పూలకే."

అప్పటినుంచి నాకోసం
మూడు తడిగుడ్డలు వేరే పెడుతున్నాడు.
ఒకదానికి ముడి లేదు,
ఒకదానికి ఒక్క ముడి, ఇంకోదానికి రెండు.
ఆయన క్యాలెండర్ అంతే.
వాడినవాటికి కొత్తపూల ధర ఎట్లిస్తవని
రోజూ నాతో కొట్లాట.

ల్యాబులో మంచుగడ్డల నడుమ చిన్న రోలు.
వేళ్ళు తిమ్మిరెక్కేదాకా రేకులు నూరుతా.
కిటికీ అవతల పాలమూరు ఎండ, నలభైమూడు.
కరెంటు పోతే సెంట్రిఫ్యూజ్ మూలిగి మూలిగి ఆగుతుంది,
పొద్దుటి పనంతా గొట్టాల్లో గోరువెచ్చగా చచ్చిపోతుంది.
మళ్ళీ తెల్లారాలి.
మళ్ళీ ఆ ముడులు విప్పాలి.

నేను చదువుకున్నది ఇది:
పువ్వు ఊపిరి తీసినప్పుడల్లా
ఆ ఊపిరిలోనే నిప్పురవ్వలు పుడతాయి.
వాటిని పట్టుకోవడానికి కణం కణంలో మనుషులున్నట్టే ఉంటారు.
సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ రవ్వను పట్టి పెరాక్సైడ్ చేస్తుంది,
కెటలేజ్ ఆ పెరాక్సైడును విరిచి
నీళ్ళు ఒకపక్క, గాలి ఒకపక్క పెడుతుంది.
పేర్లే పొడుగు,
చేసేది రాత్రి డ్యూటీ.

నా నోటుబుక్కులో అంకెలు:
మొగ్గలో కొంచెం. విచ్చిననాడు మస్తు.
ముడత పడే ముందురోజు ఇంకా పైకి,
ఓడిపోతున్నామని తెలిసి
ఉన్నోళ్ళంతా ఎగబడ్డట్టు.
ఆ తర్వాత గీత కిందికి.
రవ్వలు మాత్రం ఎప్పట్లాగే పుడుతూనే ఉంటాయి.

చెట్టుమీది పువ్వైతే
రాలేముందు తన తీపినంతా మూటగట్టి
కాడలోంచి వెనక్కి పంపేస్తుంది.
గుడ్డలో పువ్వుకు ఆ దారి లేదు.
పంపుదామన్నా కాడ తెగింది,
ఎక్కడిది అక్కడే కరగాలి.
ఈ మాట థీసిస్‌లో రాశాను.
గైడు మేడం ఎర్రపెన్నుతో కొట్టేసి
పక్కన రాసింది: కవిత్వం వద్దు.

ఒకనాడు నేను పోయేసరికి
తాత వేలికి దండసూది లోతుగా దిగింది.
సంచిలో పలచటి పెరాక్సైడ్ సీసా ఉంది, చుక్క వేశా.
తెల్లగా నురగ.
"ఇదేందే, పాలు పొంగినట్టు పొంగుతున్నది?"
"పువ్వుల ఉన్నదే నీ నెత్తుట్ల గూడ ఉంది తాతా,
అది పని చేస్తున్నది."

నమ్మలేదు.
రెండు ముడుల గుడ్డలోంచి చామంతి తీసి
రేకులు అరచేతిలో నలిపి, చుక్క వేసి ఇచ్చా.
చూపు ఆనదు కదా, చెవి దగ్గర పెట్టుకున్నాడు.
ఆర్టీసీ బస్సొకటి హారన్ కొట్టుకుంట పోయింది.
పోయేదాకా ఆగి
మళ్ళీ విన్నాడు.
సన్నటి చిటపట.
తక్కువే. కానీ ఉంది.

"సచ్చిందనుకొని మోరీల పారేస్తుంటి గద"
అన్నాడు, నాతో కాదు.

తెల్లారి నాలుగో గుడ్డ.
మూడు ముడులు, మూడోది సరిగ్గా పడలేదు,
కట్టు కట్టిన వేలితో వేసింది.
"దీన్ని గూడ సూడు బిడ్డా.
ఇది నా లెక్క."

నా పట్టికలో దానికి గడి లేదు.
స్కేలు దొరకలేదు,
చేత్తోనే ఒక గీత గీసుకున్నాను.